ఆ సూర్యోదయం తీసెయ్

అమ్మాయ్,

అమెరికాలో అపలాచియన్ ట్రెయిల్ అనే పొడవాటి కొండదారి నడిచొచ్చి నువ్వు రాసి పంపిన 46 పేజీలూ చదివాను. వాక్యం నీకు బాగానే వస్తోంది, అది సరే. 41వ పేజీ దగ్గర మాత్రం ఒళ్ళు మండి కాగితాలు బల్ల మీద పడేసి కాసేపు బయట తిరిగొచ్చాను.

ఏముంది ఆ పేజీలో? చివరి రోజు పొద్దున 7 గంటలకు, ట్రెయిల్ ముగిసే కటాడిన్ కొండ కింద ఉన్న కటాడిన్ స్ట్రీమ్ క్యాంపు నుంచి బయల్దేరావు. తర్వాతి పేరాలోనే కొండ కొసన ఉన్న చెక్క బోర్డును వాటేసుకున్నావు, "తొలి సూర్యకిరణం నా నుదుటిని ముద్దాడింది". తల్లీ, ఆ దారి 5 మైళ్ళ పైచిలుకు. 4,000 అడుగులకు పైగా ఎక్కుడు, మధ్యలో చేతులూ మోకాళ్ళూ ఆనించి పాకాల్సిన బండలు, వాటికి దిగ్గొట్టిన ఇనుప కడ్డీలు. సెప్టెంబర్ ఆఖరి వారం. నువ్వు పైకి చేరేదాకా ఆ సూర్యుడు ఎక్కడ కూర్చున్నాడు?

నేను అక్కడికి వెళ్ళలేదు, ఇక వెళ్ళను కూడా, నా మోకాళ్ళకు మా మేడ మెట్లే ఎక్కువ. మ్యాపు ముందేసుకుని చదివాను, అంతే. కానీ ఈ అబద్ధం నాకు బాగా తెలుసు. నేనూ ఆడాను.

1978లో అలిపిరి నుంచి నడిచి తిరుమల ఎక్కాను. 3,550 మెట్లు. దిగొచ్చాక దాని మీద ఒక వ్యాసం రాసి ఒక వారపత్రికకు పంపాను. ఆ రోజంతా నా ముందు ఒకావిడ ప్రతి మెట్టుకూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెడుతూ ఎక్కింది. మోకాళ్ళ పర్వతం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ పొట్లంలో పసుపు అయిపోవస్తోంది. బొట్లు చిన్నవయ్యాయి. ముందు అరచేత్తో రాసినావిడ తర్వాత వేలికొసతో, ఆ తర్వాత గోటితో. అది రాశాను, ఒకటిన్నర పేజీ. పనిలో పనిగా, వ్యాసమన్నాక ఉండాలి కదా అని, గాలి గోపురం దగ్గర ఒక సూర్యోదయం కూడా పెట్టాను. ఆ రోజు మబ్బు. సన్నగా తుంపర కూడా. ఎడిటర్ గారు పసుపు మొత్తం ఎర్ర ఇంకుతో కొట్టేసి పక్కన 'అనవసరం' అని రాశారు. సూర్యోదయం అచ్చయింది! జనం ఉత్తరాలు కూడా రాశారు, సూర్యోదయం బాగుందని. 40 ఏళ్ళు దాటినా ఆ ఎర్ర ఇంకు గుర్తొస్తే నాకు అన్నం సయించదు. ఆయన పోయారు పాపం, నా పసుపు పేజీ కూడా ఆయనతోనే పోయింది, నా దగ్గర కాపీ లేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నన్ను మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టింది 33వ పేజీలో నువ్వు బ్రాకెట్లో తోసేసిన ఒక్క వాక్యం. "తిండి సంచి తేలికయ్యే కొద్దీ ఎందుకో నెమ్మదిగా తిన్నాను." అమ్మాయ్, ఇది నా పసుపు! జార్జియాలో స్ప్రింగర్ కొండ దగ్గర మొదలుపెట్టి 14 రాష్ట్రాలు, దాదాపు 2,200 మైళ్ళు, అన్ని నెలలూ ప్రతి ఔన్సు బరువునూ తిట్టుకున్నదానివి, టూత్‌బ్రష్ పిడి కూడా కోసేసుకున్నదానివి, చివరికి సంచి తేలికైతే దిగులుపడ్డావు. నీ పుస్తకం అంతా అక్కడుంది. దాన్ని బ్రాకెట్లో పెట్టి పక్క పేజీలో "అరకోటి అడుగులు" అని రాశావు. ఆ దారి మీద రాసే ప్రతివాళ్ళూ రాసే లెక్కే అది, ఎవరు లెక్కపెట్టారో మరి.

మాన్సన్ ఊరు దాటాక అడవి మొదట్లో బోర్డు ఉంటుంది కదా, కనీసం 10 రోజుల సరుకు లేకుండా ఇటు రావద్దని. అక్కడి నుంచి ఆబోల్ వంతెన దాకా 100 మైళ్ళు. దాని గురించి నువ్వు రాసింది ఇది: "ఆ 8 రోజులు ఎలా గడిచాయో తెలియలేదు." నీకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది, నాకా? ఈ 'తెలియలేదు' అనే మాట రాసినవాళ్ళకు నా చేతిలో ఉంటే జరిమానా వేస్తాను.

విచిత్రం ఏమిటంటే నీకు తెలుసు. కాగితాలకు జతచేసిన ఉత్తరంలో అన్నీ రాశావు. రాత్రి చలికి గడ్డకడితే పాడైపోతుందని నీళ్ళ ఫిల్టర్‌ను పక్కలో పెట్టుకుని పడుకోవడం. ఎలుకలకు అందకుండా తిండి సంచి వేలాడదీయడం. పడుకోవడానికని దాచుకున్న పొడి సాక్సులు విప్పి, నిన్నటి తడి సాక్సులు మళ్ళీ తొడుక్కునే ఆ ఒక్క నిమిషం. వైట్‌క్యాప్ కొండ మీంచి కటాడిన్ మొదటిసారి కనబడినప్పుడు నువ్వూ ఆ జర్మన్ కుర్రాడూ ఏమీ మాట్లాడుకోలేదు, ఎవరి సాక్సులు వాళ్ళు పిండుకున్నారు. ఉత్తరమేమో నాకు రాశావు, పుస్తకమేమో సభకు రాశావు. అదే గొడవ. 1948లో ఈ దారిని ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క ఊపున నడిచిన మొదటి మనిషిగా పేరున్న ఎర్ల్ షాఫర్ కూడా చిన్న నోట్‌బుక్ ఒకటి వెంట ఉంచుకున్నాడు. అది ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియం వాళ్ళు భద్రంగా దాచారు. నీ దగ్గరా అలాంటిది ఉండే ఉంటుంది. వానకు తడిసి ఉబ్బి ఉంటుంది. దాన్ని చూసి రాయి, జ్ఞాపకం చూసి కాదు. జ్ఞాపకం సూర్యోదయాలు పెడుతుంది.

"ఈ ప్రయాణంలో నన్ను నేను కనుక్కున్నాను" అనేది ఈమధ్య ఫ్యాషన్ అయింది, గోవా వెళ్ళొచ్చినవాళ్ళు కూడా రాస్తున్నారు. అది 3 చోట్ల ఉంది, మూడూ కొట్టేశాను. ఎర్ర ఇంకుతోనే, క్షమించు.

ఇంగ్లీషు మాటలు వాడొచ్చా అని అడిగావు. ట్రెయిల్‌ను ట్రెయిల్ అనే రాయి. 'సుదీర్ఘ పర్వత పాదచారి మార్గం' అన్నావంటే చదివేవాడు మాన్సన్ దాకా కూడా రాడు. పబ్లిషర్ సంగతి, ముందుమాట సంగతి ఇప్పుడెందుకు.

ఇంకొకటి. చివరి రోజు పెద్ద సంచిని కింద రేంజర్ స్టేషన్ దగ్గరే వదిలేసి, వాళ్ళిచ్చిన చిన్న సంచితో ఎక్కానని ఒక ముక్క అనేసి ఊరుకున్నావు. అన్ని నెలలు వీపు మీద మోసిన సంచి లేకుండా ఎక్కినప్పుడు వీపు ఏమంది? పైగా నీ పుస్తకం బోర్డు దగ్గర ఫొటోతో అయిపోయింది. కానీ కొండ మీద ఉండిపోలేదుగా, మళ్ళీ ఆ 5 మైళ్ళూ దిగావు, దిగేటప్పుడు చెట్ల మీద దారి చూపించే తెల్ల గీతలు అవే, ఈసారి వెనక్కి. దాని గురించి ఒక్క వాక్యం లేదు. దిగుతున్నప్పుడు ఆ చిన్న సంచిలో తినడానికి ఏం మిగిలింది? తిన్నావా, దాచావా? ముందు ఆ ఒక్క పేజీ రాసి పంపు. మిగతా 46 తర్వాత చూద్దాం.