పెరట్లో కూలిన పనసను కట్టెల కింద ఇచ్చేయకండి

గాలివానకు కూలిన పాత పనసను కట్టెల వ్యాపారి ఊరికే తీసుకుపోతానంటున్నాడు, ఇచ్చేయవచ్చా అని అడిగారు. ఇవ్వకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మా చెట్లను పడగొట్టినప్పుడు ఇదే బేరం మా గుమ్మంలోకీ వచ్చింది. నాన్నగారు ససేమిరా అన్నారు. ఆ మాను ఇప్పుడు మా ఇంటి తలుపులు, భోజనాల బల్ల.

ముందు ప్రాణం సంగతి. వేళ్లతో సహా ఒరిగిన చెట్టు మానును కోయగానే వేళ్ల మొద్దు ఒక్కసారిగా లేచి గుంటలోకి తిరిగి పడుతుంది. పిల్లలను ఆ చుట్టుపక్కలకు రానివ్వకండి. మాను కోత అనుభవం ఉన్నవారికే అప్పగించండి.

ఎంత పొడవున కోయాలో మీరే చెప్పాలి. చెప్పకపోతే బండిలో పట్టేలా మూడడుగుల ముక్కలు చేస్తారు, అక్కడితో కలప కాస్తా వంటచెరకు అవుతుంది. ద్వారబంధానికి ఏడడుగులు కావాలి. చివర్లలో పగుళ్లకు పోయేది కలుపుకొని ఎనిమిది ఉంచండి. మొదలు లావుగా, నిటారుగా, ముడులు లేకుండా ఉంటే అసలు ముక్కలే చేయించకండి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చెక్కేది పనసలోనే. వీణ అడుగున ఉండే గుండ్రని కుండ, దాన్నుంచి సాగే పొడవాటి దండి కలిపి ఒకే దుంగలో తొలిచే ఏకాండి వీణకు అలాంటి మానే కావాలి. వారిని ఒకసారి కనుక్కోండి. మంచి పనస పొయ్యిలోకి పోవడం నేను చూడలేను.

కోసిన రోజే రెండు చివరలకూ మైనమో ఆయిల్ పెయింటో దట్టంగా పూయండి. తేమ త్వరగా ఆరిపోయేది అక్కడినుంచే, పగుళ్లూ అక్కడే మొదలవుతాయి. పెరటి చెట్టు కాబట్టి బట్టల తీగ మేకులు, ఉయ్యాల కొక్కేలు లోపల ఉండవచ్చు. రంపం బ్లేడు పాడవుతుందని కోత మిల్లువారు ఇంటి చెట్లంటే జంకుతారు. వెతికి తీయించి, ఆ మాట వారికి చెప్పండి.

అమ్మేటట్లయితే ముందు మీరే కొలుచుకోండి. దుంగ నడుమ చుట్టుకొలతను అంగుళాల్లో తీసుకుని, అందులో నాలుగో వంతును దానితోనే హెచ్చించి, అడుగుల్లో పొడవుతో హెచ్చించి, 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. చుట్టు 60 అంగుళాలు, పొడవు 8 అడుగులైతే పన్నెండున్నర. ఈ లెక్క అసలు ఘనపరిమాణం కంటే ఐదో వంతుకు పైగా తక్కువే చూపుతుంది, కాబట్టి తరుగు పేరుతో ఇంకా తగ్గించమంటే ఒప్పుకోకండి.

పలకలు కోయించాక నీడలో, నేలకు ఎత్తుగా, పలకకూ పలకకూ నడుమ ఒకే మందం బద్దలు పెట్టి పేర్చి, పైన బరువు ఉంచండి. అంగుళం మందానికి ఏడాది ఆరాలని మా వడ్రంగి మాట. బయటి తెల్లభాగానికి పురుగు పడుతుంది, తీయించేయండి. లోపలి పసుపు చేవ గట్టిది, ఏళ్లు గడిచేకొద్దీ ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది.

దుంగలను లారీ ఎక్కించే ముందు మీ అటవీ రేంజ్ కార్యాలయంలో రవాణా అనుమతి గురించి అడగండి. చెట్టు పడి ఉండగానే ఫోటోలు తీసి ఉంచుకుంటే, నరికింది కాదు, కూలిందని చూపడానికి పనికొస్తాయి.