ఆ పది ప్రశ్నల కాగితాన్ని నిజాయితీగా నింపండి

అమెరికాలో కాన్పు అయ్యాక చెకప్‌కి వెళ్తే, ఒక్కోసారి పాపని చూసే పీడియాట్రీషియన్ దగ్గర కూడా, తల్లి చేతికి పది ప్రశ్నల కాగితం ఒకటి ఇస్తారు. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ ఉందేమో చూడటానికి ఇచ్చే ఈ కాగితాన్ని ఎడిన్‌బరో స్కేల్ అంటారు. గత ఏడు రోజుల్లో నవ్వు వచ్చిందా, కారణం లేకుండా భయం వేసిందా, ఏడ్చారా, మీకు మీరే హాని చేసుకోవాలనిపించిందా, ఇలా ఉంటాయి. మనవాళ్లు చాలామంది పక్కనే భర్తో అత్తగారో కూర్చుని ఉంటే అన్నిటికీ బాగానే ఉన్నట్టు టిక్కులు పెట్టి ఇచ్చేస్తారు. అలా చేయకండి. వాళ్లని కాసేపు బయట కూర్చోమనండి, ఉన్నది ఉన్నట్టు రాయండి, ఎందుకంటే మీరుగా చెప్పకపోతే ఇక్కడ ఎవరూ గుచ్చి గుచ్చి అడగరు.

మొదటి వారంలో ఊరికే కళ్లనీళ్లు రావడం మామూలే, చాలామంది బాలింతలకి ఉంటుంది, రెండు వారాల్లోపు సర్దుకుంటుంది. అది దాటినా తగ్గకపోతే, పాప నిద్రపోతున్నా మీకు నిద్ర పట్టకపోతే, పాపని ఎత్తుకోవాలనే అనిపించకపోతే ఆరు వారాల అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, ముందే ఫోన్ చేయండి. థైరాయిడ్ కూడా చూడమని అడగండి, కాన్పు తర్వాత అది తేడా చేసినా ఇలాగే ఉంటుంది.

మందులంటే పాలివ్వడం మానేయాలేమోనని భయపడతారు. సెర్ట్రలీన్ లాంటి డిప్రెషన్ మందులు పాలిచ్చే తల్లులకి ఇక్కడ మామూలుగానే రాస్తారు, డాక్టర్‌తో మాట్లాడుకుని వాడొచ్చు. ఇంకో భయం వీసా గురించి. డిప్రెషన్‌కి చికిత్స తీసుకున్నారన్న ఒక్క కారణంతో గ్రీన్‌కార్డ్ ఆపరు. హెచ్‌4 మీద (హెచ్‌1 వర్క్ వీసా ఉన్న భర్తతో వచ్చే వీసా) ఉన్నవాళ్లు భర్త ఇన్సూరెన్స్‌లో ఉంటే కౌన్సెలింగ్ కూడా సాధారణంగా అందులోనే వస్తుంది, కాపే, అంటే వెళ్లినప్పుడల్లా మీరు కట్టాల్సిన వాటా, ఎంతో కనుక్కోండి.

ఊరి నుంచి వచ్చే అమ్మకి విమానం ఎక్కకముందే ఒక మాట చెప్పి ఉంచండి. "మేం నలుగుర్ని కన్నాం, ఇవన్నీ మాకు తెలీవు" అని ఆవిడ ప్రేమగానే అన్నా, పచ్చి బాలింతకి అది తట్టుకోలేని మాట. పథ్యం, నలుగు, సాంబ్రాణి అన్నీ ఉండనివ్వండి, కానీ రాత్రి ఒక పూట పాపని ఆవిడ చూసుకుంటే అంతకన్నా మేలు లేదు. బీ2 విజిటర్ వీసా మీద సాధారణంగా ఆరు నెలలే ఇస్తారు కాబట్టి అమ్మని, అత్తగారిని ఒకేసారి రప్పించకుండా ఒకరి తర్వాత ఒకరు ఉండేలా చూసుకోండి. అమ్మ వెళ్లిపోయాక ఇల్లంతా నిశ్శబ్దమై, భర్త ఆఫీసుకి పోయి, బయట మంచు ఉన్న రోజుల్లో కుంగిపోయేవాళ్లు ఎక్కువ. డిప్రెషన్ మొదటి ఏడాదిలో ఎప్పుడైనా రావచ్చు, మూడు నెలలు గడిచాయి కదా ఇక రాదులే అనుకోవద్దు.

తండ్రులూ, ఇది మీకూ రావచ్చు, మగవాళ్లలో తరచు చిరాకుగా, కోపంగా బయటపడుతుంది అంతే. ఎఫ్‌ఎంఎల్‌ఏ అనే ఇక్కడి కుటుంబ సెలవు చట్టం కింద అర్హత ఉంటే 12 వారాల సెలవుంటుంది, జీతం లేకపోయినా ఉద్యోగం పోదు, హెచ్‌1 అయితే మాత్రం ముందు లాయర్‌ని అడిగి పెట్టండి.

ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించడం, రోజుల తరబడి నిద్ర లేకపోయినా హుషారుగా ఉండటం, పాపకి ఏదో పట్టిందని వింతగా నమ్మడం కనిపిస్తే దిష్టి తీసి ఊరుకోకండి, అది ఎమర్జెన్సీ, వెంటనే 911. తల్లిని, పాపని ఒంటరిగా వదలొద్దు. అంత కాకపోయినా ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 1-833-852-6262 తల్లుల కోసం ప్రభుత్వం నడిపే ఉచిత హాట్‌లైన్, 24 గంటలూ ఉంటుంది, ఇంగ్లీషు ఇబ్బందైతే ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి.