అడగని పరీక్ష ఫలితం చెప్పాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా, గుణుపురం. మలేరియా పరిశోధన కోసం ఇంటింటికీ తిరిగి రక్తం తీస్తుంటాను. మా తెలుగువాళ్ల వీధిలో పెళ్లి కుదిరిన ఒకమ్మాయి నమూనాలో సికిల్ సెల్ (ఎర్రరక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) ఛాయలు కనిపించాయి. మన పని మలేరియా వరకే, వదిలేయమంటున్నారు పైవాళ్లు. వాళ్లమ్మతో చెప్పేయనా డాక్టరుగారూ?

జవాబు: వదిలేయకూడదమ్మా. అలాగని వాళ్లమ్మతోనూ అనకండి. రక్తం ఆ అమ్మాయిది, కబురు ముందు ఆమెకే చేరాలి. పెళ్లింట ఇలాంటి మాట పొక్కితే ‘పిల్లకి రోగమట’ అని ఊరంతా పాకుతుంది. అదే నా భయం.

మీ పరిశోధన డాక్టరు ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి, తెలుసుకోవాలని ఉందా అని అడగాలి. సరేనంటే, రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్షతో ఖాయం చేయించాలి. తొలి వడపోతకు చేసే సాల్యుబిలిటీ పరీక్ష ఒక్కటే అయితే జబ్బుందో, లేక జబ్బు లేకుండా దాని జన్యువును మాత్రమే మోసే వాహకురాలో తేలదు. వాహకులు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు. కాబోయే భర్త కూడా వాహకుడైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ఈ లెక్క పెళ్లికి ముందే తెలియడం ఆమె హక్కని నేను గట్టిగా నమ్ముతాను.

పైవాళ్లు కదలకపోతే, సమ్మతి పత్రం మీద ఉన్న ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో పాల్గొనేవారి హక్కులు కాపాడే సంఘం) నంబరుకు ఫోన్ చేయండి. ఆమె పేరు మాత్రం ఇంకెవరి దగ్గరా ఎత్తకండి.