చుక్క ముట్టని మా నాన్నకి సిర్రోసిస్ ఎలా వచ్చిందంటే

మందు అలవాటు లేనివాళ్లకి కూడా లివర్ సిర్రోసిస్, అంటే లివర్ మచ్చలు కట్టి గట్టిపడిపోవడం, వస్తుందా, వస్తే ఎన్నాళ్లకి ముదురుతుంది అని అడిగారు. వస్తుంది. మా నాన్న జీవితంలో ఒక్క చుక్క ముట్టలేదు. 61వ ఏట సిర్రోసిస్ అని తేలింది, 64వ ఏట పోయారు.

ఎలా బయటపడిందో చెప్తాను. ఒక రాత్రి రెండున్నరకి హాల్లో లైటు వెలిగింది. లేచి వెళ్తే నాన్న స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీలో వంగి బూట్ల లేసులు కట్టుకుంటున్నారు. "ఎక్కడికి నాన్నా?" అంటే "ఆఫీసుకి టైమైంది కదా" అన్నారు. రిటైరై అప్పటికి మూడేళ్లు. చొక్కా గుండీలు ఒక కాజా తప్పించి పెట్టుకోవడంతో ఒక పక్క అంచు కిందికి వేలాడుతోంది. లేసు ముడి వేయబోతారు, సగంలో వేళ్లు ఆగిపోతాయి, కాసేపు దానివైపే చూసి మళ్లీ మొదలుపెడతారు. నేను ఎదురుగా నేలమీద కూర్చుని చూస్తుండగానే నాలుగైదు సార్లు అలా జరిగింది. ఆయనలో కాస్త కూడా కంగారు లేదు.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు రెండు చేతులూ ముందుకి చాపి, ఎవరినో ఆగమన్నట్టు అరచేతులు ఎత్తి పట్టమన్నారు. మణికట్టు దగ్గర చేతులు టపటపా పడి లేస్తున్నాయి, పక్షి రెక్కలు ఆడించినట్టు. ఆమె అడిగినవి రెండే ప్రశ్నలు. విరేచనం అయి ఎన్నాళ్లయింది? నిద్రమాత్ర ఏమైనా వేశారా?

నాలుగు రోజులయింది. నిద్రమాత్ర నేనే వేశాను. రెండు నెలలుగా పగలంతా తూగుతూ, రాత్రంతా మేలుకుని ఉంటున్నారని తెలిసినాయన ఒకరు మాత్ర పేరు చెప్తే తెచ్చి ఇచ్చాను. పగటి నిద్ర, రాత్రి నిద్ర ఇలా తారుమారవడం, లివర్ చెడి ఆ ప్రభావం మెదడు మీద పడుతోందనడానికి తొలి గుర్తు కావచ్చని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. పేగుల్లో పుట్టే అమ్మోనియా లాంటి విషాలని లివర్ శుభ్రం చేయాలి. గట్టిపడ్డ లివర్‌కి ఆ శక్తి ఉండదు, పైగా రక్తం దాన్ని తప్పించుకుని పక్కదారుల్లో పోతుంది. అలాంటి మనిషికి మలబద్ధకం, ఇన్ఫెక్షన్, కడుపులో రక్తస్రావం, నిద్రమాత్ర, వీటిలో ఏ ఒక్కటైనా చాలు, మతి తప్పడానికి. విరేచనం అయ్యేలా చేసే లాక్టులోజ్ అనే మందుతో ఎనీమా ఇచ్చారు, తర్వాత సిరప్ పట్టారు. మర్నాడు సాయంత్రం నాన్న కళ్లు తెరిచి "నా కళ్లజోడేదీ?" అన్నారు. ఆ మాట విని అమ్మ వరండాలోకి వెళ్లి ఏడ్చింది.

ఆ వారమంతా వచ్చినవాళ్లు వచ్చినట్టు "ఎన్నేళ్ల నుంచి తాగుతున్నారు?" అనే అడిగారు. లేదంటే నమ్మరు. "చాటుగా ఉందేమోలే" అని ఒక బంధువు అమ్మ ముందే అన్నాడు. నాకు ఇప్పటికీ మండుతుంది. హెపటైటిస్ బి, సి వైరస్‌ల వల్ల వస్తుంది. షుగరు, ఊబకాయంతో పాటు వచ్చే ఫ్యాటీ లివర్ వల్ల, అంటే లివర్‌లో కొవ్వు పేరుకోవడం వల్ల, వస్తుంది. రోగనిరోధక శక్తి సొంత లివర్ మీదే తిరగబడితే వస్తుంది. వంశంలో వచ్చే లోపాలతో రాగో ఇనుమో పేరుకుపోయినా వస్తుంది. హెపటైటిస్ బికి టీకా ఉంది, సికి చాలామందిలో 12 వారాల మాత్రలతో నయమవుతుంది. అయినా ఎవరికైనా ముందు గుర్తొచ్చేది సీసానే. అసలు తాగి తెచ్చుకున్నవాళ్లనైనా మంచం పక్కన నిలబడి నిలదీసే హక్కు ఎవరికుంది?

డిశ్చార్జయ్యాక పాత ఫైలు తీశాను. 52వ ఏట చేసిన స్కాన్‌లో "ఫ్యాటీ లివర్, గ్రేడ్ 2" అని ఉంది. అప్పుడు చూసినాయన "ఇది అందరికీ ఉండేదేలెండి" అని షుగరు మాత్రలు రాసి పంపేశాడు. 58వ ఏటి రిపోర్టులో లివర్ పరీక్షలైన ఎస్‌జీపీటీ 38, ఎస్‌జీఓటీ 52, ప్లేట్‌లెట్లు తగ్గి 1,30,000. ఎస్‌జీపీటీ నార్మల్ అని మేం సంతోషించాం. లివర్ గట్టిపడితే ప్లీహం ఉబ్బి ప్లేట్‌లెట్లని పట్టి ఉంచుతుందని ఎవరం అనుకోలేదు. ఫిబ్-4 అని ఒక లెక్క ఉంది, వయసు, ఆ మూడు అంకెలు ఉంటే చాలు. ఇప్పుడు వేసి చూస్తే 3.76 వచ్చింది. 2.67 దాటితే లివర్‌లో మచ్చ బాగా ముదిరి ఉండొచ్చని అనుమానించాలి. అంటే మూడేళ్ల ముందే కాగితం మీద కనిపిస్తూనే ఉంది. షుగరున్న ప్రతి ఒక్కరికీ ఈ లెక్క వేయకుండా పంపడం తప్పని నేను ఖచ్చితంగా అంటాను. ఫ్యాటీ లివర్ అనే పేరే జనాన్ని ముంచుతోంది. వినడానికి కాస్త ఒళ్లు చేసినట్టు ఉంటుంది. 2023లో డాక్టర్లు దాని పేరు మార్చారు గానీ రిపోర్టుల్లో పాతదే నడుస్తోంది.

ఇక ఎన్నాళ్లకి అంటే, మచ్చ పేరుకోవడానికి ఏళ్లూ దశాబ్దాలూ పడుతుంది, అందరికీ ఒకే వేగం కాదు. సిర్రోసిస్ వచ్చాక కూడా లివర్ నెట్టుకొస్తున్నంత కాలం మనిషి మామూలుగానే తిరుగుతాడు. ఆ దశలో సగం మంది 12 ఏళ్లు దాటి బతుకుతారు. పొట్టలో నీరు, మతి తప్పడం, రక్తపు వాంతులు, కామెర్లు, వీటిలో ఒకటి మొదలైతే, లివర్ మార్పిడి జరగకపోతే, ఆ లెక్క సుమారు రెండేళ్లకి పడిపోతుంది. నాన్న మాకు తెలిసేసరికే ఆ గీత దాటేశారు. తర్వాత పొట్టలో నీరు చేరింది, ఎన్నోసార్లు తీయించాం, చివరికి ఆ నీటికే ఇన్ఫెక్షన్ సోకింది.

ఇంకొకటి చెప్పాలి. ప్రొటీన్ ఆపేయండి, మతి తప్పకుండా ఉంటుందని నలుగురూ చెప్తే నమ్మి రెండు నెలలు ఆపేశాం. తొడలు చిక్కి పుల్లల్లా అయ్యాయి. స్పెషలిస్టు గట్టిగా కేకలేశారు. కండ కూడా అమ్మోనియాని ఖర్చు చేస్తుంది, ఆ కండని మేమే కరిగించేశాం. రాత్రి పడుకునే ముందు కూడా ఏదో ఒకటి పెట్టమన్నారు, ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంచొద్దన్నారు.

మా తమ్ముడికి ఇప్పుడు 38 ఏళ్లు, షుగరు ఉంది. ఆర్నెల్ల క్రితం వద్దంటున్నా లాక్కెళ్లి, లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించాను. 9 వచ్చింది. మచ్చ మొదలై ఉండొచ్చు, ఇంకా వెనక్కి మళ్లించొచ్చు, బరువులో పదో వంతు తగ్గమన్నారు. వాడి బరువు 92 కిలోలు. ఇప్పటికి ఐదు తగ్గాడు.