సంతానం మందు చుట్టూ తిరిగే ఆ ఇటాలియన్ కామెడీ బోర్ కొడుతుందా?

మీరు అడుగుతున్నది ‘లా మాండ్రాగోలా’ అయ్యుంటుంది. 1965 నాటి బ్లాక్ అండ్ వైట్ సినిమా, దర్శకుడు అల్బెర్తో లాత్తువాదా. కథ మాత్రం అయిదొందల ఏళ్ల కిందటి నాటకం, రాసింది రాజనీతికి పేరుపడ్డ మకియవెల్లి. నాకైతే బోర్ కొట్టలేదు. కాకపోతే నేను చూసిన సమయం అలాంటిది.

పెళ్లయిన ఐదో ఏడు. ఎవరో చెప్పారని మా అత్తగారు నన్ను పసరు మందుకి తీసుకెళ్లారు. మూడు ఆదివారాలు పరగడుపున తాగాలి, ఆ రోజు వంకాయ ముట్టకూడదు. అబ్బ, ఆ చేదు! రెండో ఆదివారం రాత్రి మా ఆయనా నేనూ ఈ సినిమా పెట్టుకున్నాం.

ఫ్లోరెన్స్‌లో నిచీయా అనే లాయరుకి పిల్లల్లేరు. అతని భార్య లుక్రేజియా మీద కన్నేసిన కల్లిమాకో డాక్టరు వేషంలో వచ్చి నాలుగు లాటిన్ ముక్కలు దంచుతాడు, లాయరు పడిపోతాడు. మాండ్రేక్ వేరు మందు తాగితే కడుపు పండుతుందట, కానీ ఆ తర్వాత ఆమెతో మొదట పడుకున్నవాడు చస్తాడట. అందుకని వీధిలో పోయే ఎవణ్ణో పట్టుకురావాలి. ఆ ‘ఎవడో’ ఎవరో మీకు తెలిసిపోయే ఉంటుంది. డబ్బు పుచ్చుకుని ఆమెను ఒప్పించే సన్యాసిగా ఇటాలియన్ హాస్యనటుడు టోటో వేశాడు. పాపాన్ని పుణ్యం ఖాతాలో రాసే ఆ మొహం కోసమైనా చూడాలి. అత్తమామలతో కలిసి మాత్రం వద్దు.

మాండ్రేక్ నిజం మొక్కే, మన ఉమ్మెత్త కుటుంబం. వేరు మనిషి ఆకారంలో ఉంటుంది, మోతాదు మించితే ప్రాణం తీస్తుంది. తెలుగు బైబిల్లో లేయా, రాహేలు కథలో ‘పుత్రదాత వృక్షపు పండ్లు’ అని వచ్చేది ఇదే.

తర్వాత నాటకం ఇంగ్లీషు అనువాదం కూడా చదివాను. అందులో లోపం మీలో ఉందేమో అని దొంగ డాక్టరు అడుగుతాడు. నాలోనా, భలే నవ్విస్తారే అంటాడు నిచీయా. ఆ ముక్క మా ఆయనకు చదివి వినిపిస్తే ఆయన నవ్వలేదు. అప్పటిదాకా పరీక్షలన్నీ నాకే జరిగాయి. రెండు రోజులకి ల్యాబ్‌కి ఆయనే ఫోన్ చేసుకున్నారు.

మూడో ఆదివారం పసరు సింకులో పోశాను. అత్తగారికి తాగానని చెప్పాను.