మామయ్య దుకాణం ప్రోగ్రాం రెజ్యూమెలో పెట్టొచ్చా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర. హనుమకొండలో బీఎస్సీ కంప్యూటర్స్ ఫైనలియర్. మా మేనమామ ఎరువుల దుకాణానికి జావాలో విండోలు, బటన్లు, లిస్టులు చేసే స్వింగ్‌తో ఖాతాల ప్రోగ్రాం రాశాను. లిస్టులో రైతు పేరు టైప్ చేస్తుంటే ఒక్కోసారి ఇంకెవరి పేరు మీదికో దూకుతోంది. క్లాసులో అందరూ ఏఐ చాట్‌బాట్లు చేస్తున్నారు. ఇది పక్కనపెట్టి నేనూ అదే మొదలుపెట్టాలా?

జవాబు: వద్దు. రోజూ ఒకరు వాడుతున్న ప్రోగ్రాం మీ చేతిలో ఉంది. యూట్యూబ్ చూసి దించిన చాట్‌బాట్ మీ క్లాసులోనే చాలామంది దగ్గర ఉంటుంది.

ముందు ఆ దూకుడు సంగతి చూద్దాం. స్వింగ్ లిస్టు మనం కొట్టిన అక్షరాలను పోగుచేసుకుని ఆ పేరును వెతుకుతుంది. రెండు అక్షరాల మధ్య ఒక సెకను దాటితే పాతవి మరిచిపోయి కొత్తగా మొదలుపెడుతుంది. మామయ్య ఒక్క వేలితో కొడతారనుకుంటాను. బానోత్ కోసం బీ, ఏ కొట్టి, ఎన్ ఎక్కడుందా అని వెతుక్కునేలోపు సెకను అయిపోతుంది. ఇక లిస్టు నూనావత్ దగ్గరికి పోతుంది. లిస్టును తయారుచేయకముందే, స్వింగ్ సెట్టింగులు ఉండే యూఐమేనేజర్‌లో 'లిస్ట్.టైమ్‌ఫ్యాక్టర్' విలువను లాంగ్ (పెద్ద పూర్ణాంకం) రకంగా 2500 మిల్లీసెకన్లకు పెంచి చూడండి. ఇంకోటి, లిస్టులో పెట్టేవి మీ సొంత క్లాసు ఆబ్జెక్టులైతే వెతుకులాట, ఆబ్జెక్టును మాటగా మార్చే టుస్ట్రింగ్ మెథడ్ ఇచ్చే మాట మీదే జరుగుతుంది. అది పేరు ఇవ్వకపోతే తెర మీద పేరు కనబడుతున్నా దొరకదు.

అయినా అసలు చిక్కు తీరదు. మీ వైపు తండాల్లో బానోత్‌లు, గుగులోత్‌లు, భూక్యాలు ఎంతమంది! ఇంటిపేరు మొత్తం కొట్టినా ముందు పెద్ద వరసే నిలబడుతుంది. అందుకే లిస్టు పైన ఒక టెక్స్ట్ బాక్స్ పెట్టి, అందులో కొట్టిన అక్షరాలు పేరులోని ఏ మాట మొదలుతో కలిసినా ఆ పేరును చూపించండి. పక్కనే ఊరో తండానో ఉండాలి. ఏం కొట్టామో కళ్ల ముందే ఉంటుంది కాబట్టి సెకన్ల గొడవ ఉండదు, తప్పు పడితే చెరిపేసుకోవచ్చు. నన్నడిగితే మొదటి నుంచీ ఇదే పెట్టాల్సింది.

ఇంటర్వ్యూలో "సెర్చ్ ఫీచర్ యాడ్ చేశాను సార్" అని ఊరుకోకండి. మామయ్యకు ఎక్కడ ఇబ్బందైంది, ఎందుకైంది, ఏం మార్చారు, ఆ వరసలో చెప్పండి. "పేర్లు లక్షల్లో ఉంటే?" అని అడగొచ్చు. కొన్ని వేల పేర్లయితే మెమరీలోనే వడకట్టొచ్చు, అంతకు మించితే డేటాబేస్‌కు వదలాలి. అక్కడ పేరు మొదటి అక్షరాలతో వెతికితే ఇండెక్స్ (పేర్లను వరసలో పెట్టుకునే సూచిక) సాయపడుతుంది, మధ్యలో ముక్క కోసం వెతికితే మామూలు ఇండెక్స్ అక్కరకు రాదు. ఇంత చెప్పగలిగితే టెన్షన్ పడే పని లేదు.

స్వింగ్ ఒక్కటే నమ్ముకోవద్దు, దాని మీద ఫ్రెషర్ ఉద్యోగాలు అరుదు. జావా పోస్టులకు ఎక్కువగా అడిగేది వెబ్ సర్వర్ ప్రోగ్రాంలు రాసే స్ప్రింగ్ బూట్, డేటాబేస్‌ను ప్రశ్నించే ఎస్‌క్యూఎల్. ఈ సెమిస్టర్‌లోనే ఇవే ఖాతాలను మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోకి మార్చి, చిన్న వెబ్ పేజీ కట్టండి. సెర్చ్ బాక్స్ అక్కడా కావాలి. కాకపోతే ప్రతి అక్షరానికీ సర్వర్‌ను పిలవకుండా, టైపింగ్ కాస్త ఆగాక ఒక్కసారి పిలవాలి.

కోడ్‌ను నలుగురికీ చూపే గిట్‌హబ్ సైట్‌లో పెట్టేముందు మాత్రం అసలు రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, బాకీలు తీసేసి ఉత్తుత్తివి పెట్టండి.