జర్మనీలో మొదటి నెలల ఖర్చు చూసి నెలవారీ లెక్క వేసుకోకండి

ప్రశ్న: మాస్టర్స్ చదవడానికి జర్మనీ వచ్చి ఏడు వారాలైంది. బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం ముందే డబ్బు వేసి ఉంచే, నెలకింత చొప్పునే తీసుకోనిచ్చే ఖాతా) నుంచి నెలకు 992 యూరోలు వస్తాయి. అయితే ఇక్కడ బ్యాంకు ఖాతా తెరవడం ఆలస్యం కావడంతో మొదటి నెల డబ్బు ఆలస్యంగా అందింది. చేతిలో తెచ్చుకున్నది హాస్టల్ గదికే అయిపోయింది. ఇప్పుడు షేరింగ్ ఫ్లాట్‌లో గది దొరికింది. అసలు అద్దె 350, హీటింగ్, కరెంటు కలిపి 430. డిపాజిట్ 1,050 యూరోలు ఒకేసారి ఇమ్మంటున్నారు. నాన్న ఎడ్యుకేషన్ లోన్ వడ్డీ కడుతున్నారు, ఇంకా అడగడానికి మొహం చెల్లడం లేదు. ఇండియా క్రెడిట్ కార్డు మీద క్యాష్ తీసుకోనా? ఒక రెస్టారెంట్‌లో కాగితం లేకుండా చేతికి డబ్బిచ్చే పని ఉంది, చేరనా?

జవాబు: రెండూ వద్దు. మీకు వచ్చింది ఆదాయం చాలకపోయే సమస్య కాదు. ఒక్కసారి మాత్రమే వచ్చే ఖర్చులన్నీ ఒకే నెలలో మీద పడ్డాయి. నెలనెలా ఉండే ఖర్చునూ, ఈ ఒక్కసారి ఖర్చునూ కలిపి చూస్తే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. ముందు విడదీద్దాం.

డిపాజిట్ విషయంలో చట్టం మీ వైపే ఉంది. జర్మన్ సివిల్ కోడ్ 551వ సెక్షన్ ప్రకారం హీటింగ్ వంటివి కలపని అసలు అద్దెకు మూడు రెట్లకు మించి డిపాజిట్ అడగకూడదు. మీ ఓనరు అడిగింది సరిగ్గా ఆ హద్దులోనే ఉంది. కానీ దాన్ని మూడు సమాన నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు అద్దెకుండేవారికి ఉంది. అద్దె మొదలైనప్పుడు 350, తర్వాతి రెండు నెలల అద్దెలతో పాటు 350 చొప్పున. కాంట్రాక్టులో వేరేగా రాసుకున్నా ఈ హక్కు పోదు. మర్యాదగా ఒక మెయిల్ రాయండి, సెక్షన్ నంబరు కూడా వేయండి. గది చూడకుండా, సంతకాలు కాకుండా మాత్రం ఒక్క యూరో కూడా పంపకండి. కొత్తగా వచ్చిన విద్యార్థులు ఎక్కువగా మోసపోయేది అక్కడే.

ఇక మీ మామూలు నెల ఎలా ఉంటుందో చూడండి. అద్దె 430. విద్యార్థుల ప్రభుత్వ ఆరోగ్య బీమా సుమారు 150 అనుకుందాం. రేడియో, టీవీ రుసుము ఇంటికి నెలకు 18.36. ఇది మనిషికి కాదు, ఇంటికి. కాబట్టి ఫ్లాట్‌లో ఇప్పటికే ఎవరైనా కడుతుంటే వాళ్ల రుసుము ఖాతా నంబరు అడిగి, రుసుము కోసం మీ పేరున వచ్చే ఉత్తరానికి జవాబుగా ఆ నంబరు రాసి పంపండి. మీ వాటా మాత్రం వాళ్లకిచ్చేయండి. ఉత్తరాన్ని పక్కన పడేస్తే ఇంట్లో చేరిన నెల నుంచి లెక్కగట్టి బకాయి వస్తుంది. ఇవన్నీ, ఫోనూ పోను మీ చేతిలో దాదాపు 390 మిగులుతాయి. సెమిస్టర్ ఫీజు కోసం నెలకు 50 పక్కన పెట్టినా, సొంతంగా వండుకునే విద్యార్థికి మిగతాది సరిపోతుంది. అంటే మీ నెల నిలబడుతుంది. ఈ మూడు నెలల డిపాజిట్ వాయిదాలే బరువు.

ఆ బరువుకి క్రెడిట్ కార్డు క్యాష్ పరిష్కారం కానే కాదు. తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది, చాలా కార్డుల్లో అది నెలకు 3 శాతం పైనే. దానిమీద క్యాష్ ఫీజు, విదేశీ మారకం మార్కప్ అదనం. నాన్నగారు కట్టే ఎడ్యుకేషన్ లోన్ వడ్డీ దీనికి దరిదాపుల్లో కూడా ఉండదు. ఇంకో మాట. ఏటీఎంలో ఇండియా కార్డు పెట్టినప్పుడు రూపాయల్లో మార్చాలా అని అడిగితే వద్దని నొక్కి, యూరోల్లోనే తీసుకోండి. ఆ మెషీన్ ఇచ్చే రేటు దాదాపు ఎప్పుడూ నష్టమే.

కాగితం లేని పని అసలే వద్దు. గాయమైతే అడిగే దిక్కుండదు, పట్టుబడితే వీసాకే ముప్పు. 2024 మార్చి నుంచి విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు చట్టబద్ధంగా పని చేయొచ్చు. 2026లో కనీస వేతనం గంటకు 13.90, మినీజాబ్ (తక్కువ జీతపు చిన్న ఉద్యోగం) పరిమితి నెలకు 603 యూరోలు. అంటే వారానికి పది గంటలు చాలు. అయితే ఫ్రీలాన్స్ పేరుతో డెలివరీ పనులిస్తామంటే ఒప్పుకోకండి, స్వయం ఉపాధికి విదేశీయుల కార్యాలయం అనుమతి విడిగా ఉండాలి. మొదటి సెమిస్టర్‌లో పది గంటలు కూడా ఎక్కువే అనిపిస్తే ఆగండి. పరీక్షలు తప్పి ఒక సెమిస్టర్ పెరిగితే, అయ్యే ఖర్చు ఆ డిపాజిట్‌కు ఎన్నో రెట్లు.

ఇప్పుడు నాన్నగారి దగ్గరికి వద్దాం. దాచడం వల్ల ఆయనకు మేలు జరగదు. మీకు కావాల్సింది నెలనెలా సాయం కాదు, మూడు వాయిదాలు గట్టెక్కడానికి ఒక్కసారి 500 నుంచి 700 యూరోలు. పైన వేసిన లెక్క ఒక కాగితం మీద రాసి ఫోటో పంపండి. లోన్ మంజూరు పత్రంలో జీవన ఖర్చుల పద్దు కింద ఇంకా విడుదల కాని మొత్తం ఉందేమో ఆయన్ని చూడమనండి. చాలాసార్లు ఉంటుంది, ఎవరూ అడగరు. యూనివర్సిటీ పట్టణాల్లోని స్టూడెంటెన్‌వెర్క్ (విద్యార్థుల సంక్షేమ సంస్థ) కార్యాలయంలో సామాజిక సలహా విభాగానికి కూడా వెళ్లండి. సలహా ఉచితం, కొన్నిచోట్ల స్వల్పకాల రుణం కూడా ఇస్తారు.

నాకు ఇంతకన్నా దిగులు కలిగిస్తున్నది వచ్చే ఏడాది. రెసిడెన్స్ పర్మిట్ పొడిగించేటప్పుడు ఖర్చులకు డబ్బుందని మళ్లీ చూపించాలి. ఇప్పటి లెక్కన ఏడాదికి 11,904 యూరోలు. పని కాంట్రాక్టు ఉంటే ఆ ఆదాయాన్నీ లెక్కలోకి తీసుకుంటారు, కాగితం లేని పని అక్కడ చెల్లదు. నాన్నగారు ఇండియా నుంచి సొంత డబ్బు పంపితే ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల రూపాయలు దాటిన భాగంపై టీసీఎస్ (బ్యాంకు ముందుగానే పట్టుకునే పన్ను) పడుతుంది. ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది కానీ అప్పటిదాకా డబ్బు ఇరుక్కుంటుంది. గుర్తింపు పొందిన సంస్థ లోన్ నుంచి వెళ్లే చదువు డబ్బుకు 2025 ఏప్రిల్ నుంచి అది లేదు. అందుకే రెండో ఏడాది విడత గురించి నాన్నగారు బ్యాంకుతో ఇప్పుడే మాట్లాడాలి. అదే ఫోన్లో మీ ఇండియా సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా (విదేశాల్లో ఉండేవారి ఖాతాగా) మార్చే ఫారం గురించి కూడా అడగమనండి. చదువుకోసం వెళ్లినవాళ్లకూ ఆ నిబంధన వర్తిస్తుంది.